ఏబీసీడీలు వచ్చు... మరి సిరీస్ ఎందుకు రాదు?

‘ఎల్’ తర్వాత ఏ అక్షరం వస్తుంది? ఎవరిని అడిగినా టక్కున ‘ఎమ్’ అంటారు. ‘ఎల్’కి ముందు? ఒక్క క్షణం ఆగి, లోపల్లోపల ‘హెచ్, ఐ, జే, కే...’ అనుకుని అప్పుడు చెబుతారు. సరే, ‘ఎల్’ ఎన్నో అక్షరం? ఇప్పుడు వేళ్లు కదులుతాయి. మీ ఇంట్లో ఎవరినైనా ఈ మూడు ప్రశ్నలూ అడిగి చూడండి. డిగ్రీ చదివినవాళ్లయినా సరే, పెదవులు ఆడించకుండా మూడోదానికి జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

ఇందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. ఏబీసీడీలను మనం అంకెల్లా నేర్చుకోలేదు, పాటలా నేర్చుకున్నాం. వేమన పద్యంలో మూడో పాదం చెప్పమంటే మొదటి పాదం నుంచి అందుకుంటాం కదా, ఇదీ అంతే. ముందుకు వెళ్లడమే తప్ప వెనక్కి రావడం, మధ్యలో దిగడం మనకు అలవాటు లేదు. పోటీ పరీక్షల్లో లెటర్ సిరీస్ అడిగేది మాత్రం సరిగ్గా అదే.

మా అన్నయ్య కొడుకు డిగ్రీ పూర్తిచేసి మూడేళ్లయింది. చదువంతా తెలుగు మీడియమే. రైల్వే పరీక్ష రాసి, రెండు మార్కుల లోపు తేడాతో మొదటి దశలోనే ఆగిపోయాడు. దసరాకి ఊరెళ్లినప్పుడు చూస్తే, అరుగు మీద మాక్ టెస్టు పేపర్లు ముందేసుకుని కూర్చున్నాడు. తిరగేస్తే ఒక సంగతి కనిపించింది. లెక్కలు బాగానే చేశాడు. జనరల్ నాలెడ్జీ ఫర్వాలేదు. లెటర్ సిరీస్ ప్రశ్నలు మాత్రం వరసగా ఖాళీ.

‘‘ఇవెందుకు వదిలేశావురా?’’

‘‘అవి నా వల్ల కాదు బాబాయ్. ఇంగ్లిష్ మీడియం వాళ్లకైతే వస్తాయి. అయినా ఆ బుర్ర పుట్టుకతో ఉండాలి.’’

లోపల్నుంచి మా వదిన, ‘‘ఈసారి రాకపోతే వచ్చి షాపులో కూర్చోమంటున్నారు మీ అన్నయ్య’’ అంది. వాడు పేపర్లోంచి తల ఎత్తలేదు.

ప్రశ్నకు నిమిషం కూడా లేదు

వాడి భయం వాడొక్కడిదే కాదు. అందుకే ముందు పరీక్ష లెక్క చూద్దాం. రైల్వే ఎన్‌టీపీసీ మొదటి దశలో 100 ప్రశ్నలకు 90 నిమిషాలు. అందులో రీజనింగ్ 30 ప్రశ్నలు. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ సీజీఎల్ టైర్-1లో 100 ప్రశ్నలకు 60 నిమిషాలే, రీజనింగ్ 25. కేంద్ర బలగాల కానిస్టేబుల్ జీడీ పరీక్షలో 80 ప్రశ్నలకు 60 నిమిషాలు, రీజనింగ్ 20. అంటే ఒక్కో ప్రశ్నకు సగటున ఎన్‌టీపీసీలో 54 సెకన్లు, జీడీలో 45, సీజీఎల్‌లో 36.

జీడీ పరీక్షను 2024 నుంచి తెలుగులోనూ రాసుకోవచ్చు. రైల్వే పరీక్షలకూ తెలుగు ఉంది. అయితే ప్రశ్న తెలుగులో ఉన్నా, సిరీస్‌లో అక్షరాలు ఇంగ్లిష్‌వే. దాంతో ఇది ఇంగ్లిష్‌కు పెట్టిన పరీక్ష అనుకుని మనవాళ్లు చాలామంది అక్కడే వెనకడుగు వేస్తారు. నిజానికి దీనికి ఇంగ్లిష్ అక్కర్లేదు. గ్రామర్ లేదు, స్పెల్లింగ్ లేదు, అర్థాలు లేవు. ఉన్నవి 26 గుర్తులు, వాటి వెనక 26 అంకెలు. వచ్చిన పనల్లా కూడిక, తీసివేత. ఆ రెండూ మూడో తరగతిలోనే నేర్చుకున్నాం.

వాడి వేలు ఎక్కడ మొదలైంది?

కాగితం మీద ఒక ప్రశ్న రాసి ఇచ్చాను.

సీ, ఎఫ్, ఐ, ఎల్, ?

వాడు వేళ్లు తీశాడు. ‘‘సీ, డీ, ఈ, ఎఫ్... నాలుగు. ఎఫ్, జీ, హెచ్, ఐ... ఇదీ నాలుగే. అంటే నాలుగేసి పెరుగుతోంది. ఎల్ అంటే 12. నాలుగు కలిపితే 16. పీ!’’

తప్పు. సరైన జవాబు ‘ఓ’. కానీ వాడి ఆలోచనలో తప్పు లేదు. తేడా సమానంగా ఉందని పట్టుకున్నాడు. తర్వాతది రావాలంటే తేడా కలపాలనీ తెలుసు. తప్పంతా వేలు మొదలుపెట్టిన చోట ఉంది. ‘సీ’ దగ్గరే ‘ఒకటి’ అన్నాడు.

‘‘బస్సులో సీ అనే స్టాపులో ఎక్కి, ఎఫ్ అనే స్టాపులో దిగావనుకో. ఎన్ని స్టాపులు వెళ్లినట్టు?’’

‘‘డీ, ఈ, ఎఫ్. మూడు.’’

‘‘మరి ఎక్కిన స్టాపును ఎందుకు లెక్కేశావు?’’

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత పాత పేపర్లు తీసి, చేసి తప్పయిన సిరీస్‌లు వెతికాడు. చాలావాటిలో జవాబు సరిగ్గా ఒక్క అక్షరం పక్కన ఉంది. ఈ పొరపాటు చాలామంది చేస్తారని పేపర్ తయారుచేసేవాళ్లకు తెలుసు. అందుకే ఆ పక్క అక్షరం కూడా ఆప్షన్లలో సిద్ధంగా ఉంటుంది. మన జవాబు అక్కడ కనిపించేసరికి కరెక్టే అనుకుని ముందుకెళ్లిపోతాం.

మూడేళ్లుగా తనకు బుర్ర లేదనుకున్నాడు వాడు. షార్ట్‌కట్లు ఎన్నో బట్టీ పట్టాడు. వేలు ఎక్కడ మొదలవుతోందో మాత్రం ఎవరూ చూడలేదు, వాడూ చూసుకోలేదు.

అంకెలు ఇలా గుర్తుపెట్టుకోండి

వేళ్లతో లెక్కించే పని పోవాలంటే అక్షరం చూడగానే అంకె గుర్తుకు రావాలి. 26 ఒకేసారి అక్కర్లేదు. ముందు ఐదు చాలు: ఈ 5, జే 10, ఓ 15, టీ 20, వై 25. కలిపి ‘ఈజోటీ వై’ అని పలకండి. కోచింగ్ సెంటర్లలో మొదటిరోజు చెప్పేది ఇదే. ఇవి ఐదైదు దూరంలో పాతిన మైలురాళ్లు. మొదటి రెండు అక్షరాలు ‘ఏ’, ‘బీ’ తప్ప ఏ అక్షరమైనా వీటిలో ఒకదానికి రెండడుగుల లోపే ఉంటుంది. ‘ఆర్’ కావాలా? ‘టీ’ 20, రెండు వెనక్కి, 18. ‘ఎల్’ కావాలా? ‘జే’ 10, రెండు ముందుకు, 12.

రెండోది ఎదురు జతలు. ‘ఏ’కి ఎదురు ‘జెడ్’, ‘బీ’కి ఎదురు ‘వై’. జతలో రెండు అంకెలు కలిపితే ఎప్పుడూ 27 వస్తుంది. కాబట్టి 27లోంచి తీసేస్తే చాలు. మన చుట్టూ ఉన్న పేర్లతో ముడేసుకుంటే ఇంకా తేలిక. ఐ-ఆర్ అంటే ఇండియన్ రైల్వే. జీ-టీ అంటే విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్లే జీటీ ఎక్స్‌ప్రెస్. హెచ్-ఎస్ అంటే హైస్కూల్. కే-పీ అంటే కూకట్‌పల్లి. జే-క్యూ అంటే పేకముక్కల్లో జాకీ, రాణి. మిగతావి మీరే కట్టుకోండి. ఎవరో చెప్పినవాటి కంటే మనం అల్లుకున్నవి ఎక్కువ కాలం గుర్తుంటాయి.

దారిలో వెళ్తూ కూడా సాధన చేయొచ్చు. ముందు వెళ్తున్న బండి నంబర్ ప్లేటు చూడండి. ఏపీ అంటే 1, 16. తెలంగాణ బండ్లకు 2024 మార్చి నుంచి వస్తున్న టీజీ అంటే 20, 7. తర్వాత సిరీస్ అక్షరాలు ఉంటాయి, వాటికీ చెప్పుకోండి. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పావుగంటలో బోలెడు ప్లేట్లు దొరుకుతాయి.

ఏ రకానికి ఏ మందు?

అక్షరాల కింద అంకెలు రాయండి. అంకెల మధ్య తేడాలు రాయండి. ఎక్కువ ప్రశ్నలు ఈ రెండు గీతల్లోనే తేలిపోతాయి.

*తేడా పెరిగేవి:* బీ, డీ, జీ, కే, ? అంకెలు 2, 4, 7, 11. తేడాలు 2, 3, 4. తర్వాత 5 కలపాలి. 16, అంటే ‘పీ’.

*జెడ్ దాటేవి:* ఎస్, వీ, వై, ? అంకెలు 19, 22, 25. తర్వాత 28 రావాలి. 28వ అక్షరం లేదు కదా అని కంగారు వద్దు. గడియారంలో 12 తర్వాత మళ్లీ 1 వచ్చినట్టే, జెడ్ తర్వాత మళ్లీ ఏ. 28లోంచి 26 తీసేస్తే 2, అంటే ‘బీ’.

*రెండు సిరీస్‌లు కలిసిపోయినవి:* సీ, టీ, ఎఫ్, ఆర్, ఐ, పీ, ? అంకెలు 3, 20, 6, 18, 9, 16. ఒకసారి పైకి, ఒకసారి కిందికి. సిరీస్ పొడుగ్గా ఉండి, ఇలా ఎగుడుదిగుడుగా కనిపిస్తే రెండు సిరీస్‌లను జడలా అల్లారేమో చూడాలి. ఒకటి విడిచి ఒకటి తీసుకోండి. 3, 6, 9 ఒక పాయ. 20, 18, 16 ఇంకో పాయ. ఇప్పుడు రావాల్సింది మొదటి పాయలోది. 12, ‘ఎల్’.

*గుంపులుగా ఇచ్చేవి:* సీ-ఎక్స్-ఎఫ్, డీ-వీ-ఐ, ఈ-టీ-ఎల్, ? చూడటానికి భయపెడతాయి కానీ, ఆప్షన్లు ఉంటే ఇవే తేలిక. మొదటి అక్షరాలు విడిగా చూడండి: సీ, డీ, ఈ. తర్వాతది ఎఫ్. ఇక ఎఫ్‌తో మొదలుకాని ఆప్షన్లు కొట్టేయండి. ఒకటే మిగిలితే పని అయిపోయింది. రెండు మిగిలితే చివరి అక్షరాలు చూడండి: ఎఫ్, ఐ, ఎల్. తర్వాతది ఓ. ఇంకా అవసరమైతేనే మధ్యవి: 24, 22, 20. తర్వాతది 18, ఆర్. జవాబు ఎఫ్-ఆర్-ఓ. మూడూ చేయాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

*ఖాళీలు నింపేవి:* __ బీ బీ సీ ఏ __ బీ సీ ఏ బీ __ సీ. ఇక్కడ అంకెలతో పని లేదు. ముందు ఖాళీలతో సహా మొత్తం ఎన్నో లెక్కపెట్టండి. 12. అంటే మూడేసి కానీ, నాలుగేసి కానీ గుంపులు కట్టాలి. మూడేసి కడితే ఒకదానికొకటి పొంతన కుదరదు. నాలుగేసి కడితే ప్రతి గుంపూ ‘ఏ బీ బీ సీ’ అని తేలుతుంది. ఖాళీల్లో రావాల్సినవి ఏ, బీ, బీ.

*వర్గాలు, ప్రధాన సంఖ్యలు:* ఏ, డీ, ఐ, పీ, ? అంకెలు 1, 4, 9, 16. ఇవి వర్గాలు కాబట్టి తర్వాతది 25, ‘వై’. వర్గాలని తట్టకపోయినా తేడాలు 3, 5, 7 ఉన్నాయి. తర్వాత 9 కలిపినా 25కే చేరతాం. కానీ బీ, సీ, ఈ, జీ, కే, ? దగ్గర తేడాలు 1, 2, 2, 4. వీటిలో వరస దొరకదు. అలాంటప్పుడు తేడాలు వదిలి అంకెలనే చూడాలి. 2, 3, 5, 7, 11. అన్నీ ప్రధాన సంఖ్యలు. తర్వాతది 13, ‘ఎమ్’.

*అంకెలే లేనివి:* జే, ఎఫ్, ఎమ్, ఏ, ఎమ్, ? ఎంత తీసివేసినా తేలదు. ఇవి జనవరి, ఫిబ్రవరి, మార్చి... నెలల మొదటి అక్షరాలు. జవాబు ‘జే’, జూన్. వారాల పేర్లతో, వన్, టూ, త్రీలతో కూడా ఇలాగే అడగొచ్చు. ఇంగ్లిష్ మాటలు తెలియాల్సింది ఈ ఒక్క రకానికే. అవి కూడా ఎలాంటివి? క్యాలెండర్‌లో రోజూ చూసేవే.

రెండు చూసి తీర్పు చెప్పొద్దు

వేళ్ల తప్పు దిద్దుకున్నాక వాడిలో ఇంకోటి బయటపడింది. తొందర. మొదటి రెండు మూడు అక్షరాలు చూడగానే రూలు దొరికిందనేస్తాడు. ఏ, బీ, డీ... అని ఇచ్చారనుకోండి. అంకెలు 1, 2, 4. తేడాలు ఒక్కొక్కటి పెరుగుతున్నాయనుకుంటే తర్వాతది 7, ‘జీ’. రెట్టింపు అవుతున్నాయనుకుంటే 8, ‘హెచ్’. రెండూ సరైనవే. ఏది నిజమో నాలుగో అక్షరం చెబుతుంది. అందుకే మీరు అనుకున్న రూలు చివర ఇచ్చిన జత మీద కూడా పనిచేస్తోందో లేదో చూశాకే ఆప్షన్ల వైపు వెళ్లాలి. దానికి పట్టేది రెండు మూడు సెకన్లు.

అలాగని ఒకే ప్రశ్న పట్టుకుని వేలాడకూడదు. అంకెలు రాశారు, తేడాలు చూశారు, ఒకటి విడిచి ఒకటి చూశారు. అయినా తేలలేదంటే వదిలి ముందుకు వెళ్లండి, టైముంటే చివర్లో మళ్లీ రండి. మొండికేసి రెండు నిమిషాలు కూర్చుంటే, ఆ టైములో తేలిగ్గా వచ్చే ఇంకో రెండు ప్రశ్నలు పోతాయి.

మరి తేలనిదాన్ని గుడ్డిగా పెట్టొచ్చా? ఎన్‌టీపీసీలో ఒక్కో తప్పుకు మూడో వంతు మార్కు కోత. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నలు నాలుగింటిని గుడ్డిగా పెడితే సగటున ఒకటి ఒప్పవుతుంది, మూడు తప్పవుతాయి. వచ్చింది 1, పోయింది 1. చేతికి సున్నా. అదే రెండు ఆప్షన్లు కొట్టేసి మిగతా రెండిటిలో ఒకటి పెడితే లెక్క మారుతుంది. అలాంటివి ఆరు పెడితే సగటున మూడు ఒప్పు, మూడు తప్పు. వచ్చింది 3, పోయింది 1. రెండు మార్కులు మిగిలాయి. అన్నట్టు, మావాడు ఆగిపోయింది రెండు మార్కుల లోపు తేడాతోనే. గుంపు సిరీస్‌లలో మొదటి అక్షరంతో ఆప్షన్లు కొట్టేయడం ఎందుకు నేర్చుకోవాలో ఇక్కడే తెలుస్తుంది.

రఫ్ కాగితం మీద మొదటి పని

పరీక్ష మొదలయ్యాక రఫ్ కాగితం పైన రెండు వరసలు రాసుకోండి. పై వరసలో ఏ నుంచి ఎమ్ వరకు, వాటిపైన 1 నుంచి 13. కింది వరసలో జెడ్ నుంచి వెనక్కి ఎన్ వరకు, వాటి కింద 26 నుంచి 14. ఇప్పుడు ఏ కింద జెడ్, బీ కింద వై వచ్చి, ఎదురు జతలు కూడా వాటంతటవే కుదురుతాయి. ఇంట్లో నాలుగు రోజులు రాసి చూసుకుంటే చేయి దానంతటదే పోతుంది. ఇదే పట్టిక కోడింగ్-డీకోడింగ్ ప్రశ్నలకూ పనికొస్తుంది. కాబట్టి దీనికి పెట్టిన సెకన్లు వృథా కావు. అంకెలు నోటికి వచ్చేసినవాళ్లకు ఈ పట్టికా అక్కర్లేదు.

సాధనకు రోజుకు పది ప్రశ్నలు చాలు. కానీ తప్పయిన ప్రశ్న పక్కన ఎందుకు తప్పయిందో ఒక్క ముక్క రాసుకోండి. ‘ఒకటి ఎక్కువ లెక్కేశాను’, ‘చివరి జత చూడలేదు’, ‘రెండు సిరీస్‌లని గమనించలేదు’. వారం తర్వాత ఆ ముక్కలు చదివితే, మీరు పదే పదే చేసే తప్పు ఒకటో రెండో ఉంటాయంతే. వాటిని దిద్దుకుంటే చాలు.

మావాడు అప్పటినుంచి అదే చేస్తున్నాడు. పోయిన వారం ఫోన్ చేసినప్పుడు ఊరికే అడిగాను, ‘‘ఎల్ ఎన్నో అక్షరంరా?’’ అని.

‘‘12. ఎదురు ఓ, 15. వేళ్లు తీయలేదు బాబాయ్’’ అని నవ్వాడు. వాడి పరీక్ష ఇంకా ముందుంది. ఫలితం ఏమవుతుందో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఈసారి ఆ ప్రశ్నలను మాత్రం ఖాళీగా వదలడు.

మీరూ ప్రయత్నించండి

గడియారం పెట్టుకుని, ఐదింటినీ మూడు నిమిషాల్లో చేయండి.

1. డీ, హెచ్, ఎల్, పీ, ?
2. వై, డబ్ల్యూ, టీ, పీ, ?
3. బీ, ఎక్స్, ఈ, యూ, హెచ్, ఆర్, ?
4. క్యూ, టీ, డబ్ల్యూ, జెడ్, ?
5. డీ-డబ్ల్యూ, జీ-టీ, జే-క్యూ, ?

జవాబులు: 1. టీ (నాలుగేసి పెరుగుతోంది). 2. కే (2, 3, 4, 5 చొప్పున తగ్గుతోంది). 3. కే (ఒకటి విడిచి ఒకటి: బీ, ఈ, హెచ్, కే). 4. సీ (29లోంచి 26 తీసేస్తే 3). 5. ఎమ్-ఎన్ (అన్నీ ఎదురు జతలే, మొదటి అక్షరం మూడేసి పెరుగుతోంది).